ఒకే మగ్గం, రెండు రుమాళ్లు

మా వైపు మగ్గాల మీద పుట్టి సముద్రం దాటిపోయిన రుమాళ్లు రెండున్నాయి. ఒకటి తేలియా రుమాలు. రెండోది, వ్యాపారులు ‘రియల్ మద్రాస్ హ్యాండ్‌కర్చీఫ్’ అని పేరుపెట్టి బేళ్లకెత్తిన గళ్ల గుడ్డ. రెండూ చీరాల చుట్టుపక్కల ఊళ్లలో నేసినవే, రెండూ నూలువే, రెండూ నలుచదరమే. రుమాలంటే జేబులో మడిచిపెట్టుకునే చేతిగుడ్డ అనుకోకండి. నడుముకు చుట్టబెట్టుకోవచ్చు, తలకు పాగా చుట్టుకోవచ్చు, భుజాల మీద కప్పుకోవచ్చు. మొదటిది అరబ్బు దేశాలకు వెళ్లింది. రెండోది పడమటి ఆఫ్రికా తీరానికి వెళ్లింది. వెళ్లిన చోట కట్టుకున్నవాళ్లు వాటితో ఏం చేశారో పక్కపక్కన పెట్టి చూడాలని నాకు చాలాకాలంగా కోరిక. మనిషికి సొంత కట్టు ఎక్కడినుంచి వస్తుందన్న ప్రశ్నకు ఫ్యాషన్ సలహాల్లో దొరకని జవాబు ఆ రెండు గుడ్డల మధ్య ఉందని నా నమ్మకం.

‘కట్టు’ అనే మాట తెలిసే వాడుతున్నాను. స్టైల్ అన్నదానికి తెలుగు మాట లేదని చాలామంది అంటారు. ఉంది. చీర కట్టుకుంటాం, పంచె కట్టుకుంటాం. చొక్కా, ప్యాంటు తొడుక్కుంటాం. తొడుక్కునేదాని తీరు చాలావరకు దర్జీ కత్తెర కిందే తేలిపోతుంది. కట్టుకునేదాని తీరు మాత్రం ప్రతి పొద్దునా కట్టుకునేవాళ్ల చేతిలో కొత్తగా తేలాలి. ఒకే చీరను అక్క కట్టినరోజు ఒకలా, చెల్లెలు కట్టినరోజు ఇంకోలా కనిపించడం మనం చూడనిది కాదు. కుచ్చిళ్లు ఎన్ని, కొంగు పొడవెంత, అంచు చీలమండకు ఎంత పైన ఆగాలి అన్న లెక్కలు ఎవరి ఒంటికి, ఎవరి పనికి వాళ్లవే. ‘కట్టూ బొట్టూ’ అని జంటగా అంటాం. ఆ రెండూ చూసి వీధి చివర్నుంచే మనిషిని గుర్తుపడతాం.

వేటపాలెంలో మా ఇంట్లో గుంటమగ్గం ఉండేది. నాడె చప్పుడు ఆగితే నిద్రలో మెలకువ వచ్చేది నాకు. అందుకే బట్టల గురించి మాట్లాడేటప్పుడు అద్దం దగ్గరనుంచి కాక మగ్గం దగ్గరనుంచి మొదలుపెట్టడం నాకు అలవాటు.

తేలియా రుమాలులో పని అంతా నూలు మగ్గమెక్కకముందే జరిగిపోతుంది. ఆముదపు కాయల పొట్టు కాల్చిన బూడిద నీళ్లలో, నూనెలో నూలును నానబెట్టి పిసుకుతారు, ఎండబెడతారు, మళ్లీ నానబెడతారు. ఇలా రోజుల తరబడి సాగుతుంది. తైలం పట్టిన నూలు ఎర్రరంగును గట్టిగా పట్టుకుంటుంది. ‘తేలియా’ అన్న పేరు ఆ తైలం వల్ల వచ్చిందే. తరువాత బొమ్మ ఎక్కడ రావాలో లెక్కగట్టి, పోగుల్ని గుత్తులు గుత్తులుగా బిగించి కట్టి రంగులో ముంచుతారు. కట్టిన చోట తెలుపు నిలుస్తుంది, కట్టని చోట ఎరుపో నలుపో ఎక్కుతుంది. పడుగు లెక్క, పేక లెక్క సరిగ్గా కలిసిన చోట బొమ్మ లేస్తుంది. 1930ల నాటికి గళ్లు, పువ్వులతో పాటు సింహాలు, ఏనుగులు, గడియారాలు, విమానాలు కూడా ఈ రుమాళ్లలోకి వచ్చాయి. గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చున్న మనిషి పోగుల లెక్కతో విమానాన్ని లేపాడంటే, అది నాకు ఇప్పటికీ ఒళ్లు జలదరించే సంగతి.

ఈ గుడ్డను కట్టుకున్నవాళ్లు ఎవరంటే, ఇక్కడ చేపలు పట్టేవాళ్లు, పశువులు కాసేవాళ్లు. లుంగీగా, గోచీగా, తలపాగాగా వాడారు. అరబ్బు దేశాల్లో తలగుడ్డ అయింది. అదే రుమాలును హైదరాబాదులో నిజాం కొలువులోని రాకుమార్తెలు దుపట్టాగా వేసుకున్నారు. పడవ మీద గోచీ, కోటలో దుపట్టా. మధ్యలో గుడ్డ ఒక్క పోగు కూడా మారలేదు. ఎవరికి ఏది తగునో చెప్పే నియమాలన్నీ ఈ ఒక్క గుడ్డ ముందు తేలిపోతాయి. తరువాతి కాలంలో ఈ పని చీరాల వైపు సన్నగిల్లి, నల్లగొండ వైపు పుట్టపాకలో బలంగా నిలిచింది. 2020లో భౌగోళిక గుర్తింపు కూడా పుట్టపాక పేరుమీదే వచ్చింది. పేరు అక్కడికి వెళ్లినందుకు నాకు దిగులు లేదు. మనవైపు ఆ చెయ్యి పోయినందుకుంది.

తేలియా ఎంత గొప్పదైనా, అది ముందుగా నేసినవాడి గుడ్డ. రంగు, బొమ్మ, వాసన అన్నీ తేలిపోయాకే కట్టుకునేవాడి దగ్గరికి వస్తుంది. అతనికి మిగిలిన స్వేచ్ఛ ముడిలో ఉంది, మడతలో ఉంది. అది తక్కువేమీ కాదు. కానీ రెండో రుమాలు కథ విన్నాక అంతకు మించినది ఒకటుందని తెలిసింది.

రెండో రుమాలు చూడ్డానికి మామూలు గళ్ల గుడ్డే. రంగు నూలును పడుగులో వరస పెట్టి, అదే వరసలో పేక కొడితే గళ్లు వస్తాయి. ‘రియల్’ అని ప్రత్యేకంగా ఎందుకు చెప్పుకోవలసి వచ్చిందంటే, దానికి ఇంగ్లండు మిల్లు నకళ్లు వచ్చాయి గనుక. ఈ గుడ్డ నైజర్ నది సముద్రంలో కలిసే చోట ఉండే కలబారి జనానికి ప్రాణం. ‘ఇంజిరి’ అని తమ పేరు పెట్టుకున్నారు. కొన్నాక ఉన్నదున్నట్టు కట్టుకుని ఊరుకోలేదు. వాళ్ల ఆడవాళ్లు సూదితో ఒక్కొక్క పోగు పైకి లేపి, పదునైన బ్లేడుతో కోసి, జాగ్రత్తగా బయటికి లాగేవారు. ఇక్కడ నాలుగు, అక్కడ రెండు. పోగులు పోయిన చోట గుడ్డ పలచబడి జల్లెడలా వెలుగు దూరుతుంది. ఆ ఖాళీల వరసే కొత్త బొమ్మ. పాత గడి మాయం కాదు, కొత్త బొమ్మ వెనక నీడలా ఉంటుంది. అలా తయారైనదాన్ని ‘పెలెటె బిటె’ అంటారు, కోసిన గుడ్డ అని. ఇంటి పెద్దలు పోయినప్పుడు పెట్టెల్లో దాచిన గుడ్డలు తీసి, ఆ మనిషిని పడుకోబెట్టే మంచాన్ని వాటితో అలంకరిస్తారు.

నేతవాళ్ల ఇంట్లో తెగిన పోగంటే కీడు. పడుగులో పోగు తెగితే మగ్గం ఆపి ముడి వేసేదాకా చెయ్యి ఆడదు. అందుకే ఈ సంగతి మా నాన్నకు చెప్పడానికి కాస్త జంకాను.

“కోశాక కూడా గుడ్డ నిలుస్తుందా అమ్మా?” అని అడిగాడు.

“నిలుస్తుంది నాన్నా. తరాల తరబడి దాచుకుంటారట.”

“అయితే గట్టి నేతే అయ్యుండాల,” అన్నాడు. కోతను ఆయన తప్పుపట్టలేదు. కోతకు తట్టుకున్నందుకు నేతను మెచ్చుకున్నాడు.

జోయెన్ ఐకర్, టోన్యే ఎరెకోసిమా అనే ఇద్దరు పరిశోధకులు ఈ కోసిన గుడ్డల గురించి 1981లో ‘ఆఫ్రికన్ ఆర్ట్స్’ పత్రికలో రాశారు. ఎరెకోసిమా స్వయంగా కలబారి మనిషి. పరాయి గుడ్డ ఒకటి సొంతదయ్యే దారిలో నాలుగు మెట్లున్నాయని వాళ్ల వాదన. మొదట ఎంచుకోవడం, తరువాత తమ పేరు పెట్టుకోవడం, ఆపైన తమ బతుకులో దానికొక చోటివ్వడం, చివరికి దాన్ని మార్చుకోవడం. వాళ్లు ఒక జాతి గురించి చెప్పినా, ఒక్క మనిషికీ ఇది వర్తిస్తుందని నాకనిపిస్తుంది. మనకు దొరికే బట్టల సలహాలు దాదాపు అన్నీ మొదటి మెట్టు దగ్గరే ఆగిపోతాయి. ఏది ఎంచుకోవాలి, ఏ రంగు, ఏ చార అనే చెబుతాయి. మిగిలిన మూడు మెట్లూ కొట్టు బయట, మన ఇంట్లో, ఏళ్ల మీద ఎక్కవలసినవి.

ఇప్పుడు ఇద్దరు మనుషుల్ని ఇలాగే పక్కపక్కన నిలబెడతాను. ఇద్దరూ బ్రిటన్‌లో చదువుకున్నవాళ్లే, తిరిగొచ్చి ఆ దేశపు బట్టల్ని వదిలినవాళ్లే, మా నేల మీద నడిచినవాళ్లే. ఒకరు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య, ఇంకొకరు గాంధీ.

దుగ్గిరాల 1889లో పుట్టాడు. ఎడిన్‌బరోలో ఎం.ఏ. చదివాడు. ఆనంద కుమారస్వామితో కలిసి నందికేశ్వరుడి ‘అభినయ దర్పణం’ను ఇంగ్లీషులోకి తెచ్చాడు. ఆ పుస్తకం 1917లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం నుంచి వెలువడింది. ఈ ఒక్క వివరం ఆయన బట్టల్ని అర్థం చేసుకోవడానికి తాళంచెవి. మన నాట్యశాస్త్రం అభినయాన్ని నాలుగు విధాలంటుంది: ఆంగికం, వాచికం, ఆహార్యం, సాత్వికం. ఆహార్యం అంటే వేషం, అలంకారం. వేషం కూడా మాటలాగే ఒక పలుకని నమ్మే శాస్త్రాన్ని పంక్తి పంక్తి తర్జుమా చేసిన మనిషి, 1921లో చీరాలలో ‘రామదండు’ అనే స్వచ్ఛంద దళాన్ని నిలబెట్టినప్పుడు దానికి కాషాయం బట్టలు కట్టించాడు, మెడలో రుద్రాక్షలు వేయించాడు, నుదుట సిందూరం పెట్టించాడు. ఆ ఏడాది మార్చి చివర బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం జరిగినప్పుడు జనసందోహాన్ని అదుపులో పెట్టింది ఈ దండే.

ఆ వేషాన్ని తేలిగ్గా తీసిపారేసేవాళ్లను చూశాను. నేను ఒప్పుకోను. చీరాల, పేరాలలను కలిపి 1919లో మునిసిపాలిటీ చేసి పన్నులు పెంచితే, కట్టలేమన్న జనం దుగ్గిరాల వెంట ఊరే వదిలేశారు. వేలమంది ఇళ్లకు తాళాలు వేసి, ఊరి పొలిమేర అవతల ‘రామనగరం’ పేరుతో వేసుకున్న పాకల్లో పదకొండు నెలలు బతికారు. అందులో నేతపనివాళ్లు ఎందరో. మగ్గాలు, గుంటలు, ఇళ్లు అన్నీ విడిచి ఇసుకలో పడుకున్న జనం కళ్లకు ఏదో ఒకటి రంగుగా, నిటారుగా కనిపించాలి. దుగ్గిరాల అదిచ్చాడు. పన్ను నిరాకరణ అనే పొడి మాటను రామాయణంలోని ఒక కాండగా మార్చాడు. అది వేషమే. ఆ రోజుకు అన్నమంత అవసరమైన వేషం.

అయితే ఆయన చేసినది తేలియా పద్ధతి. మగ్గమెక్కకముందే పోగుల్ని కట్టి, ముంచి, బొమ్మ తేల్చేశాడు. దండులో చేరిన కుర్రవాడికి మిగిలింది కట్టుకోవడమే. కాషాయం కూడా ఖాళీగా దొరికే రంగు కాదు. సన్యాసుల అర్థం దానిలో అప్పటికే ఇంకిపోయి ఉంది. సన్యాసి రంగును సంసారులకు కట్టించి, దాన్ని సైన్యం రంగుగా తిప్పడం దుగ్గిరాల చేసిన సాహసం. నాలుగో మెట్టు ఆయన ఎక్కాడు. ఆయన వెనకున్న వందలమంది తరఫున కూడా ఆయనే ఎక్కేశాడు. అక్కడ నాకు చిన్న ములుకు. తరువాతి కాలంలో మన తెలుగు రాజకీయాల్లో ఆహార్యం ఎంత పనిచేసిందో 1982లో చైతన్యరథం మీద ఖాకీ బట్టల్లో ఎన్.టి. రామారావును, ఆపైన కాషాయంలో ఆయన్ను చూసినవాళ్లకు చెప్పక్కర్లేదు.

గాంధీ దారి వేరు. ఆయన ఆత్మకథలో లండన్ నాళ్ల బట్టల లెక్కలు దాచకుండా రాశాడు. 1888లో బొంబాయిలో కుట్టించుకున్న బట్టలు అక్కడ పనికిరావని ఆర్మీ అండ్ నేవీ స్టోర్స్‌లో కొత్తవి కొన్నాడు. టోపీకి పంతొమ్మిది షిల్లింగులు. బాండ్ స్ట్రీట్‌లో పది పౌండ్లు పోసి సాయంకాలపు సూటు కుట్టించుకున్నాడు. అన్నకు రాసి రెండు పేటల బంగారు గడియారపు గొలుసు తెప్పించుకున్నాడు. రోజూ పెద్ద అద్దం ముందు టై కట్టడానికి, పాపిడి తీయడానికి పది నిమిషాలు. బట్టల నియమాలన్నీ తుచ తప్పకుండా పాటించిన పంతొమ్మిదేళ్ల కుర్రవాడు అక్కడ కనిపిస్తాడు. నియమాలు నేర్చుకోవడం తప్పని నేననను. ఏవి వదులుకుంటున్నామో తెలియాలంటే ముందు అవి చేతిలో ఉండాలి కదా.

ఆ తరువాత ముప్పై మూడేళ్లపాటు ఆయన చేసినదంతా పోగులు తీయడమే. 1893లో డర్బన్ కోర్టులో తలపాగా తీయమంటే తీయక బయటికి నడిచాడు. ఎప్పుడు తీయకూడదో ముందు తెలుసుకున్నాడన్నమాట. దక్షిణాఫ్రికా సత్యాగ్రహంలో కూలీల మీద కాల్పులు జరిగాక కూలీల బట్ట కట్టాడు. 1915లో కాఠియావాడ్ పెద్దపాగాతో బొంబాయి ఓడ దిగాడు. పాగా టోపీ అయింది. 1921 సెప్టెంబరు 14న వాల్తేరు స్టేషన్‌లో ఆయన కళ్లముందే ఖిలాఫత్ నాయకుడు మౌలానా మహమ్మదలీని పట్టుకెళ్లారు. ఆ వారం రోజుల మథనం తరువాత 22న మదురైలో టోపీ, చొక్కా కూడా పోయాయి. మోకాళ్లకు దిగని కొల్లాయి మిగిలింది. మొదట అది అక్టోబరు ఆఖరుదాకా పెట్టుకున్న గడువు మాత్రమే. ఆ అయిదారు వారాలు ఆయన బతుకంతా అయ్యాయి.

నన్ను కదిలించేది ఇంకొకటి. తోటి పనివాళ్లుగానీ చదువరులుగానీ తనలా కొల్లాయికి దిగాలని కోరడం లేదని గాంధీ అప్పుడే స్పష్టంగా చెప్పాడు. విదేశీ గుడ్డ మానండి, ఖద్దరు కట్టండి అన్నాడు. తన కట్టు మాత్రం తనదే. దుగ్గిరాలకూ గాంధీకీ మధ్య నేను చూసే అసలు తేడా ఇది. బట్ట ఎక్కువా తక్కువా అన్నది, రంగా తెలుపా అన్నది తరువాత. ఆహార్యం దుగ్గిరాలది, సాత్వికం గాంధీదని పంచిపెడితే చక్కగా కుదురుతుంది గానీ, అంత చక్కగా కుదిరేదాన్ని నేను నమ్మను. కొల్లాయి ఎంత దూరం కనిపిస్తుందో, ఎవరి గుండెలో గుచ్చుకుంటుందో గాంధీకి బాగా తెలుసు. 1931 సెప్టెంబరులో అదే గుడ్డతో లాంకషైర్ వెళ్లి, తన ఉద్యమం వల్ల పని పోయిన మిల్లు కార్మికుల మధ్య నిలబడ్డాడు. అంతకంటే ఆహార్యం ఏముంటుంది? కానీ ఆ వేషంలో ఆయన ఒక్కడే ఉన్నాడు, రాత్రి పడుకునేటప్పుడూ అదే. నేపథ్యంలోకి వెళ్లి మార్చుకునే బట్ట ఆయనకు లేదు.

1929లో ఖద్దరు నిధి కోసం ఆంధ్రదేశం తిరుగుతూ గాంధీ మా ఊరొచ్చి, 1918లో మొదలైన సారస్వత నికేతనానికి కొత్త భవనపు పునాదిరాయి వేశాడు. ఆయన చేతికర్ర ఇప్పటికీ ఆ గ్రంథాలయంలో ఉంది. దుగ్గిరాల అప్పటికి లేడు. అంతకు ముందు ఏడాదే, నలభై నిండకుండానే పోయాడు. చిన్నప్పుడు ఆ కర్రను చూసిన ప్రతిసారీ దాని పక్కన ఒక కాషాయపు పంచె కూడా మడతపెట్టి ఉంటే బాగుండుననుకునేదాన్ని.

గాంధీ వైపు నేను మొగ్గుతున్నానని ఈపాటికి తెలిసే ఉంటుంది. అందుకే ఆయనకు ఎదురు నిలిచే సాక్ష్యాలను కూడా ఇక్కడే పెట్టాలి.

మొదటి సాక్ష్యం మగ్గానిది. చేతితో వడికిన నూలు ఒకచోట లావు, ఒకచోట సన్నం. పడుగులో పెట్టి లాగితే తెగుతుంది. మిల్లు నూలుతో రుమాళ్లు నేసే చేతికి ఖద్దరు నూలు ఇస్తే గజాలు తగ్గుతాయి, మజూరీ తగ్గుతుంది. కట్టుకునేవాడి శుద్ధికి మూల్యం కొంత నేసేవాడి మీద పడింది.

రెండో సాక్ష్యం అంబేద్కర్. అదే 1931లో, లండన్‌లోనే, రెండో రౌండ్ టేబుల్ సమావేశంలో కొల్లాయితో గాంధీ, సూటుబూటుతో అంబేద్కర్ ఒకే బల్ల చుట్టూ కూర్చున్నారు. పైబట్ట వేసుకునే హక్కు కోసమే జనం పోరాడవలసి వచ్చిన దేశం మనది. తిరువాన్కూరులో నాడారు స్త్రీలకు రొమ్ము కప్పుకునే అనుమతి 1859లో గానీ రాజశాసనంగా రాలేదు. తీసివేత గొప్పగా కనిపించాలంటే తీసేవాడి ఒంటిమీద ముందు బట్ట ఉండాలి. అంబేద్కర్ తన ఒంటికి ఒక్కొక్క పోగూ చేర్చుకున్నాడు. ఆ సూటు దొరల అనుకరణ అన్నవాళ్లు కలబారి ఆడవాళ్ల గుడ్డలో మద్రాసు గడిని మాత్రమే చూసేవాళ్ల లాంటివాళ్లు. ఊరి బావి దగ్గరికి రానివ్వని కులంలో పుట్టిన మనిషి ఒంటిమీదికొచ్చాక ఆ కోటు లండన్ కోటుగా మిగల్లేదు. ఈ రోజుకీ మన ఊళ్లలో ఆయన విగ్రహానికి నీలిరంగు సూటు వేస్తారు. ఎంచుకోవడం, పేరుపెట్టడం, చోటివ్వడం, మార్చుకోవడం, నాలుగు మెట్లూ అక్కడ కనిపిస్తాయి.

మూడో సాక్ష్యం మా నాయనమ్మ. ఆమెకు ముప్పై రెండేళ్లప్పుడు మా తాత పోయాడు. ఆ తరువాత ఆమె ఒంటిమీదనుంచి కూడా పోగులు తీశారు. గాజులు, బొట్టు, రంగు చీర, అంచు. తెల్ల ఖద్దరు కట్టమంటే ముత్తయిదువలు ఎందుకు వెనకాడారో ఆమెను చూసినవాళ్లకు వివరించనక్కర్లేదు. తెలుపు ఒకరికి వ్రతం, ఇంకొకరికి శిక్ష. నాయనమ్మ ఎదురు చెప్పలేదు. కానీ ఇంట్లో కండెలు చుట్టేది, పడుగుకు నూలు సర్దేది తనే. తన కోసం నేసే తెల్ల చీరకు పడుగు సిద్ధం చేసేటప్పుడు ఒక అంచు వైపు ఒక్క నీలిపోగు పెట్టేది. ఒక్కటే. పేకలో పెడితే అడ్డంగా చారలా కనిపిస్తుంది, పడుగులో పెడితే చీర పొడవునా ఎవరికీ తెలియకుండా నడుస్తుంది. అంచును వేళ్ల మధ్య పట్టుకుని చూస్తే తప్ప కనిపించదు. నాకు పదేళ్లప్పుడు ఆమె ఒళ్లో పడుకుని ఉండగా కనిపించింది. “ఇదేంటి నాయనమ్మా?” అంటే, “నా పోగు,” అంది. అంతకు మించి ఏమీ చెప్పలేదు.

ఫ్యాషన్ మీద నేను చదివిన ఏ పుస్తకం కంటే ఆ రెండు మాటలు నాకు ఎక్కువ నేర్పాయి. తీసినా చేర్చినా ఆ చెయ్యి ఎవరిదన్నదే నేను అడుగుతాను. నాయనమ్మ రంగు చీరలు తీసేసింది ఊరి చెయ్యి, నీలిపోగు పెట్టింది ఆమె చెయ్యి. ఈ కొలతతో చూస్తే రామదండులో కుర్రవాడి కాషాయం కంటే ఆ ఒక్క పోగు పెద్దది. గాంధీ కొల్లాయి పక్కన పెట్టినా వెలవెలబోదు.

ఇప్పటి సంగతికి వస్తే, చీరాల బట్టల బజారులో ఒక పూట గడిపితే చాలు. కుప్పడం చీరకు ఒళ్లు ఒక నాడె, రెండంచులకు రెండు నాడెలు కావాలి. ప్రతి వరసలోనూ ఒంటి పేక, అంచు పేక ఒకదాన్నొకటి మెలివేసుకుంటేనే అంచు నిలుస్తుంది. అంత పనిచేసిన చీరను ఫోనులోని బొమ్మతో పోల్చి, ‘ఇదే రంగు, ఇదే అంచు’ కావాలంటున్నారు. బొమ్మలోలా లేకపోతే పక్కన పెట్టేస్తున్నారు. లావుగా ఉంటే అడ్డచారలు వద్దు, పొట్టిగా ఉంటే పెద్దంచు వద్దు, చామనచాయకు పసుపు వద్దు అన్న సూత్రాలు కొట్లో కుర్రాళ్లు కూడా అప్పజెబుతున్నారు. చామనచాయకు పసుపు వద్దన్నవాడు మా ఊళ్లో పెళ్లికూతుర్ని ఎప్పుడైనా చూశాడా? పెద్దంచు గద్వాల కట్టుకుని వీధిలో నడిచే పొట్టి ముసలమ్మను చూశాడా? ఈ సూత్రాలన్నిటికీ మూలం ఒకటే, ఒంట్లో ఏదో తప్పుంది, బట్టతో దాన్ని దాచాలన్న భయం. కలబారి ఆడవాళ్లు గుడ్డను కోశారు. మనం గుడ్డ కోసం ఒంటిని కోసుకుంటున్నాం.

అందుకే, సొంత కట్టు ఎలా వస్తుందని ఎవరైనా చిన్నవాళ్లు నన్నడిగితే బజారుకు తీసుకెళ్లను. జనవరి దాటాక పర్చూరు మీదుగా చిలకలూరిపేట వైపు నల్లరేగడి పొలాల్లోకి తీసుకెళతాను. మిరపకోతల కాలం. వరసగా వంగి కాయ కోస్తున్న ఆడవాళ్ల కట్టు చూడమంటాను. చీర మీద మగవాళ్ల ఫుల్ హ్యాండ్స్ చొక్కా, మణికట్టు దాకా గుండీలు. చీర అంచు పైకి దోపి ఉంటుంది. తలకు తువ్వాలు, దాని కొసే ముక్కుకు అడ్డం. మిరప ఘాటు చర్మానికి తగిలితే సాయంత్రం దాకా మంట. ఎండ, ఆకు దురద సరేసరి. ఏ డిజైనరూ గీయని ఈ కట్టు ఈ మైదానాల్లో ఇప్పుడు పత్తి చేలకూ పాకింది. మొగుడి పాత చొక్కానో, కొడుకు కాలేజీ మానేశాక వదిలిన చొక్కానో ఎంచుకున్నారు. తమ పనిలో చోటిచ్చారు. కాలరు లోపలికి మడిచి, చేతుల అంచులకు పాత గుడ్డ పట్టీ వేసి మార్చుకున్నారు. ఒక్కొక్కరి చొక్కా ఒక్కొక్క తీరు. కొందరు కొంగును చొక్కా లోపలే బిగిస్తారు, కొందరు పైనుంచి తిప్పి నడుముకు కడతారు.

పోయిన ఏడు కోతల్లో ఒక గట్టు మీద కూర్చుని అన్నం తింటున్న ఒకామెతో మాట కలిపాను. నాకంటే పెద్దది. ఆమె చొక్కా జేబు మామూలు చొక్కాలోలా ఎడమ రొమ్ము మీద లేదు. అక్కడినుంచి విప్పేసి, కుడివైపు లోపలికి, నడుం దగ్గర చేత్తో కుట్టుకుంది.

“కిందికి ఎందుకు కుట్టావక్కా?” అన్నాను.

“వంగితే పైజేబులోంచి ఫోను పడిపోద్ది. కూలి డబ్బులు కూడా ఇందులోనేగా,” అంది. చెయ్యి కడుక్కుని ఆ జేబు గుండీ తీసి, లోపల ఎంత లోతుందో చూపించింది. కుట్టు దారం ఎర్రది, చొక్కా లేతనీలం. అదే దారంతో జేబు మూలన చిన్న పువ్వు కూడా కుట్టింది.

“ఈ పువ్వెందుకు?”

ఆమె నా వైపు చూసి, “నాది గదా,” అంది. తువ్వాలు మళ్లీ ముక్కుకు బిగించుకుని వరసలోకి దిగింది.